నీళ్లలో చిగురించిన గుంజలు

పదిహేను రోజుల జ్వరం విడిచాక మొదటిసారి గుడిసెలోంచి బయటికొచ్చి, గట్టు ఎక్కి, సరస్సు వంక చూసి కేక పెట్టానని చెప్పి పోయిన వారం ఆపాను. ఏం చూసి అరిచిందో చెప్పకుండా ముసల్ది వారం రోజులు ఊరించిందని తిట్టుకున్నవాళ్లు తిట్టుకునే ఉంటారు. తిట్లు నాకు కొత్త కాదు. చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు. నా పేరు బసీలియా. వలలు అల్లుతాను, కిత్తనారతో వడిసెలలు పేనుతాను. చపాలా సరస్సు ఒడ్డున ఉండే మా పల్లెను స్పెయిన్ రాజు సైన్యం తగలబెట్టాక, చేతికందింది పట్టుకుని దోనెలెక్కి ఈ దీవి మీదికి వచ్చి పడ్డాం. వెయ్యి మందిమి. డోలోరెస్ అనే ఊళ్లో చర్చి ఫాదర్ గంట మోగించి రాజు మీదికి జనాన్ని లేపి నాలుగున్నరేళ్లయింది. ఆయన తల తీసి ఇనుప బోనులో వేలాడదీసి మూడున్నరేళ్లయింది. ఆ మంట ఆరిపోయిందని దొరలు ఊరూరా చాటింపు వేయిస్తున్నారు. మా దీవి మాత్రం రెండేళ్ల నాలుగు నెలలుగా వాళ్ల గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. వాళ్లకు ఫిరంగులు మోసే పెద్ద పడవలున్నాయి. మాకు వడిసెలలు, రాళ్లు, వాళ్ల దగ్గర లాక్కున్న రెండు ఫిరంగులు, నీళ్ల కింద పాతిన గుంజలు ఉన్నాయి.

ఆ గుంజల సంగతే ఈ వారం కథంతా. దీవికి మూడు వైపులా నిట్టనిలువు రాళ్లు. పడవ ఆనాలంటే ఉత్తరాన ఒక్కటే రేవు. ఆ రేవుకు ఎదురుగా, తెల్లరాయి దగ్గర్నుంచి జమ్ముదుబ్బుల దాకా, నీళ్లలో దగ్గర దగ్గరగా గుంజలు పాతి, మొనలు చెక్కి, నీటిమట్టానికి జానెడు కిందికి ఉండేలా కోశాం. పైనుంచి చూస్తే ఉత్త నీళ్లే. పెద్ద పడవ ధీమాగా వచ్చి వాటి మీద ఎక్కి కూర్చుంటే ఇక కదలదు. అప్పుడు మేం గట్టు మీంచి రాళ్లు విసురుతాం. అలా రెండుసార్లు వాళ్లను సాగనంపాం. మా దోనెలు మొక్కజొన్నల కోసం వెళ్లి రావడానికి తెల్లరాయి పక్కన పది బారల సందు వదిలాం. ఆ సందు ఎక్కడుందో తెలియకనే దొరలు ఇన్నాళ్లూ ఒడ్డున కూర్చుని మమ్మల్ని తిట్టుకుంటున్నారు.

ఇక ఆ పొద్దున నేను చూసింది. నీళ్ల మీద పచ్చటి గీత. తెల్లరాయి నుంచి జమ్ముదుబ్బుల దాకా, సరస్సులో, లేత చిగుళ్లు. ఒక్కో గుంజకు ఐదారు రెమ్మలు, ఒక్కో రెమ్మకు సన్నటి పొడుగాటి ఆకులు, ఎండ పడి మెరుస్తున్నాయి. నేను భయంతో అరిచానని అందరూ అనుకున్నారు. అబద్ధం ఎందుకు, మొదట నాకు కలిగింది భయం కాదు. మేం నరికి, మొన చెక్కి, బురదలో దిగ్గొట్టిన కర్రలు బతికాయి. జ్వరంలో ముప్ఫై ఎనిమిది మందిని పూడ్చిపెట్టిన దీవి ముందు అవి అంత నిండుగా నిలబడి ఉంటే నా మోకాళ్లు వాటంతట అవే నేలకు ఆనాయి. నా వెనక వచ్చిన ఆడవాళ్లు కూడా శాలువాలు తల మీదికి లాక్కుని మోకరిల్లారు. 

భయం తర్వాత వచ్చింది. పచ్చటి గీతలో తెల్లరాయి పక్కన పది బారల మేర ఆకు లేదు. పళ్ల వరసలో ఊడిన పన్ను చోటులా ఆ సందు ఎంత దూరం నుంచైనా కనిపిస్తోంది. అవతలి ఒడ్డున, కాలిపోయిన మా పల్లెలోనే విడిది చేసిన రాజు సైన్యం వైపు చూశాను. దుర్భిణి అద్దం తళుక్కుమంది. దాని పక్కన ఒకడు స్టూలు వేసుకుని కూర్చుని ఒళ్లో కాగితం పెట్టుకుని తాపీగా గీసుకుంటున్నాడు.

ఇలా జరగడానికి కారణం నా తమ్ముడు క్రిస్పీన్. గుంజల పని వాడిది. ఇంతకుముందు కొండ మీది చేవకర్ర వాడేవాళ్లం. పాత గుంజలు కుళ్లి, కొత్తవి పాతాల్సి వచ్చినప్పుడు కొండ దారి దొరలు మూసేశారు. అందుకని పోయిన వానల చివర వాడు ఒడ్డున నీళ్ల పక్కనే పెరిగే విల్లో చెట్ల కొమ్మలు పచ్చివి నరుక్కొచ్చాడు. ఎండు కర్ర తేలుతుంది, పాతడానికి లొంగదు. పచ్చిది బరువుగా దిగుతుంది. మా సరస్సులో వల కట్టేవాడెవడైనా పచ్చి విల్లో గుంజలే పాతుతాడు. మా నాన్నా అదే చేశాడు, ఆయన నాన్నా అదే చేశాడు. కాకపోతే వలగుంజ నాలుగు వారాలకు పీకేస్తాం. ఇవి ఐదు నెలలు నీళ్లలో ఉన్నాయి. ఎండలకు సరస్సు దిగేకొద్దీ మొనలు బయటపడకుండా మళ్లీ మళ్లీ కోసుకుంటూ పోవాలి. కోయాల్సిన చేతులన్నీ జ్వరంతో చాపల మీద పడి ఉన్నాయి. నీళ్లు మూరెడు దిగాయి, గుంజలకు ఎండ తగిలింది, అవి చేయాల్సిన పని అవి చేశాయి.

మధ్యాహ్నానికి అందరం చేపలు ఎండబెట్టే బండ మీద చేరాం. చేపలు లేవు కాబట్టి కూర్చోవడానికి కావలసినంత చోటుంది. మా నాయకుడు నికానోర్ శాంతోస్ మధ్యలో నిలబడ్డాడు. అతన్ని ఏ రాజూ పంపలేదు, మేమే ఎంచుకున్నాం. ఒకప్పుడు ఉప్పుచేపలు బుట్టలకెత్తే పని చేసేవాడు. మాట బహు తక్కువ. ఒడ్డు నుంచి వచ్చిన కబురు చెప్పాడు. అక్కడ మూడు పెద్ద పడవలకు తారు పూస్తున్నారు. నాలుగు రోజుల్లో వస్తారు.

తర్వాత లేచింది ఫౌస్తీనో. గ్వాదలహారా పట్నం మనిషి. రాజు సైన్యంలో ఫిరంగులు కాల్చే పని వదిలి మా వైపు దూకాడు. మా రెండు ఫిరంగులకూ అతనే దిక్కు. మంచివాడే, నీళ్లంటే మాత్రం పిల్లికున్నంత భయం. అతను నా తమ్ముడి వంక వేలు చూపించి ఒక్కో విషయమే అడుగుతూ పోయాడు. కర్ర ఎంచిందెవరు? మొక్కజొన్నల కోసం వెళ్లి, రెండు నెలల కిందట జమ్ములో ఎదురుపడ్డ లియాండ్రోతో మాట్లాడి చెక్కుచెదరకుండా తిరిగొచ్చిందెవరు? ఆ లియాండ్రో ఇప్పుడు రాజు పడవలకు లోతు చూసి దారి చెప్పేవాడు కాదా?

"మా సైన్యంలో దీనికి తీర్పు అక్కర్లేదు," అన్నాడు. "గోడకు నిలబెట్టి ఆరు తూటాలు. మీరంతా కర్రలు చిగురించాయని దణ్ణాలు పెడుతున్నారు. నాకైతే వాళ్ల కోసం జెండాలు పాతినట్టుంది."

లియాండ్రో గురించి చెప్పాలి. అతనూ క్రిస్పీన్ ఒకే దోనెలో పెరిగారు. ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకునేవాళ్లు, రోజుకోసారి తన్నుకునేవాళ్లు. క్రిస్పీన్ కూతురికి జ్ఞానస్నానం చేయించినప్పుడు లియాండ్రో, అతని భార్య సబీనా జ్ఞానతల్లిదండ్రులయ్యారు. మా పల్లె ఫాదర్ ఆ పిల్ల నెత్తిన నీళ్లు పోసిన పొద్దుటి నుంచి ఇద్దరూ మీరు, తమరు. మాలో పిల్లను కన్న తండ్రీ జ్ఞానతండ్రీ ఒకరికొకరు కొంపాద్రేలు. ఆ రోజు తర్వాత ఒకరి మీద ఒకరు చెయ్యెత్తకూడదు, అబద్ధం చెప్పకూడదు, ఒకరి చెడు ఒకరు తలవకూడదు. తల్లికడుపున పుట్టినవాళ్లు ఆస్తుల కోసం కొట్టుకోవడం చూశాను గానీ కొంపాద్రేలు కొట్టుకోవడం నేను చూడలేదు. పల్లె కాలిన రోజున లియాండ్రో, సబీనా దోనె అందుకోలేక వాళ్ల చేతికి చిక్కారు. సబీనా సిపాయిలకు రొట్టెలు చేస్తోంది. అతను సరిగా దారి చూపినంతకాలం ఆమె బతుకుతుంది.

నాకు ఒళ్లు మండిపోయింది. నా తమ్ముడికి దొరలతో కుమ్మక్కయ్యేంత తెలివే ఉంటే పెళ్లాం పోయిన ఈ ఆరేళ్లూ నా చేతి వంట తింటూ పడి ఉండేవాడు కాదని అందరికీ వినబడేలా అన్నాను. కొందరు నవ్వారు. క్రిస్పీన్ నవ్వలేదు. లేచి టోపీ తీశాడు. దీవి మీద ఎవరూ ఎవరికీ టోపీ తీయాల్సిన పని లేదు, రెండేళ్లుగా ఆ అలవాటే పోయింది. వాడు తీస్తుంటే చూడలేకపోయాను.

"తప్పు నాదే," అన్నాడు. "కర్ర బతుకుతుందని నాకు తట్టలేదు. కాల్చాలంటే కాల్చండి. కానీ నన్ను కాల్చినా ఆ సందు అక్కడే ఉంటది. ముందు దాన్ని మారుద్దాం, ఆ తర్వాత నా సంగతి చూద్దురుగాని."

వాడు చెప్పింది ఇది. జమ్ముదుబ్బుల వైపు పది బారల మేర గుంజలు పీకేద్దాం. వాటి ఆకుల తలలు కోసి, కిత్తనార తాడుకు గుచ్చి, కింద రాళ్లు కట్టి, అవి ఉన్నచోటే నిలబడి తేలేలా వదులుదాం. చూసేవాళ్లకు అక్కడ గుంజలున్నట్టే ఉంటుంది, కింద మాత్రం ఏమీ ఉండదు. మన దోనెలు ఆ ఆకులను తోసుకుంటూ తిరుగుతాయి. ఆకులు కోసేసిన మొండి గుంజలను తీసుకెళ్లి తెల్లరాయి పక్కన సందులో పాతి, నీళ్ల కిందికి కోద్దాం. దొరలు గీసుకున్న కాగితంలో దారి ఎక్కడుందో సరిగ్గా అక్కడ మొనలుంటాయి. ఆకు కనిపించిన చోట దారి, దారి కనిపించిన చోట ఉచ్చు.

 చిన్నప్పట్నుంచీ మట్టిబుర్ర అని నెత్తి మీద మొట్టిన నా తమ్ముడేనా ఇది అనిపించింది. ఫౌస్తీనో కూడా గడ్డం గోక్కున్నాడు. కానీ నేను గుంజల మధ్య పుట్టి పెరిగినదాన్ని. నాకు ఒక సంగతి తట్టింది, అడగకుండా ఉండలేకపోయాను.

"పాతిన గుంజ కదలదు. తాడుకు గుచ్చిన కొమ్మ అలకి ఊగుద్ది. దొరలకి తెలీదు సరే. లియాండ్రోకి తెలీదంట్రా?"

"తెలుసుద్ది అక్కా. చూడగానే తెలుసుద్ది."

"మరి?"

"తెలిశాక ఏం చేస్తాడన్నది ఆయన ఇష్టం. ఆయన నా కొంపాద్రే."

ఫౌస్తీనో నిజంగానే విస్తుపోయాడు. మనిషిలో కోపం కూడా పోయింది. చిన్నపిల్లలకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు. అతని భార్య మెడ వాళ్ల గుప్పిట్లో ఉంది. అతను నోరు విప్పి ఒక్క మాట అంటే చాలు, పడవలు ఆకుల మీదుగా నేరుగా రేవులోకి వస్తాయి. వెయ్యి ప్రాణాలు తీసుకెళ్లి, ఎప్పుడో ఒక పిల్ల నెత్తిన నీళ్లు పోసినందుకు అవతలివాడు మాట నిలుపుకుంటాడన్న ఆశ మీద పెడతారా అని అడిగాడు. అతను అడిగిన దాంట్లో తప్పు లేదు. 

 నికానోర్ జనం వైపు తిరిగాడు.

"ఇక్కడ కొంపాద్రే లేనివాళ్లు ఎవరన్నా ఉంటే చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యే లేచింది. అడిగితే జవాబు చెప్పాలన్న సిపాయి అలవాటుతో ఎత్తాడేమో, ఫౌస్తీనో. తన చెయ్యి ఒక్కటే పైన ఉందని చూసుకుని మెల్లగా దించాడు. నాకెవరూ లేరు అన్నాడు, ఎవరితోనూ కాదు. అంతవరకు అతన్ని రాళ్లతో కొట్టాలనుకున్న నాకే జాలేసింది. అంత పెద్ద పట్నంలో పుట్టి, అంత సైన్యంలో బతికి, ఒక్క మనిషి లేడా ఇతనికి అని.

నికానోర్ తీర్పు చెప్పాడు. క్రిస్పీన్ చెప్పినట్టే చేద్దాం. పడవలొచ్చిన రోజున క్రిస్పీన్ రేవు ముందు బండ మీద, అందరికీ కనిపించేలా నిలబడాలి. తుపాకీ నింపుకుని ఫౌస్తీనో పక్కనే ఉండాలి. లియాండ్రో పడవలను ఆకుల మీదుగా తీసుకొస్తే మొదటి తూటా క్రిస్పీన్‌కి. నా తమ్ముడు సరేనని తలూపి టోపీ పెట్టుకున్నాడు. ఆ పూట నికానోర్ భార్య నిప్పు కోసం వస్తే నేను ఇవ్వలేదు. తప్పని తెలుసు, అయినా ఇవ్వలేదు.

మర్నాటి నుంచి మూడు పొద్దులు పని చేశాం. మా సరస్సు మీద ఆ నెలల్లో తెల్లవారుతూనే మంచు దిగుతుంది. ఎండ బాగా ఎక్కేదాకా పది బారల అవతల ఏదీ కనబడదు. ఆ మంచులో నాలుగు వందల మంది నీళ్లలోకి దిగారు. నిన్నటిదాకా చాప మీంచి లేవలేనివాళ్లు దిగారు. గర్భిణులను వద్దంటే ఇద్దరు వినకుండా దిగారు. ఛాతీలోతు నీళ్లలో, మాట లేకుండా, దగ్గు వస్తే శాలువా నోట్లో కుక్కుకుని పని చేశారు. ఒడ్డున సైనికుల విడిదిలో వాళ్ల గుర్రాలు సకిలించడం మాకు వినిపిస్తోంది. మా చప్పుడు వాళ్లకు వినబడకూడదు.

గుంజలు ఊరికే రాలేదు. ఒక్కోదాన్ని ముగ్గురం పట్టుకుని అటూ ఇటూ ఊపితే గానీ బురద వదల్లేదు. మొదటిది పైకొచ్చినప్పుడు దాని అడుగున వేళ్లు చూశాను. తెల్లగా, నా జుట్టంత సన్నగా, గుప్పెడు వేళ్లు. బురదలో, చీకట్లో, ఎవరూ చూడనిచోట అవి అంత పని చేసుకున్నాయి. దాన్ని చేత్తో పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయాను. పక్కనున్న ఆవిడ మోచేత్తో పొడిచాక గానీ కదల్లేదు.

ఆ నీళ్లలోనే నేను పాతికేళ్లు దొరగారి వలలు లాగాను. గట్టు మీద మేస్త్రీ కొరడా పట్టుకుని నిలబడేవాడు. మా సరస్సులో మా చేతులతో పట్టిన చేపల్లో మాకు తలలూ తోకలూ మిగిలేవి, వాటి మీద తలపన్ను. అవే నీళ్లు, అదే చలి, అవే ఒళ్లు. ఇప్పుడు గట్టు మీద ఎవడూ లేడు. ఎవరికి ఎక్కడ చెయ్యి అవసరమో అక్కడికి మరో చెయ్యి దానంతట అదే వచ్చింది. మంచులో నా ముందు తలలు, తలలు, తలలు, కనుచూపు ఆగినదాకా. స్వేచ్ఛ అని ఫాదర్లు, చదువుకున్నవాళ్లు చెబుతుంటే విన్నాను గానీ దానికి ఒక రూపం ఉంటుందని నాకు తెలీదు. ఆ పొద్దున చూశాను. చలికి వణుకుతున్నాననుకున్నాను, ఏడుస్తున్నానని తర్వాత తెలిసింది.

రెండో పొద్దున ఫౌస్తీనో వచ్చాడు. చీలమండల దాకా దిగి ఆగాడు. మోకాళ్ల దాకా దిగి ఆగాడు. ఆఖరికి నా భుజం పట్టుకుని నడుంలోతుకు వచ్చి, పళ్లు టకటకలాడిస్తూ గుంజలు అందించాడు. అతనికి ఈత రాదు. నీళ్లలో వదిలేస్తే ఆరు తూటాలు కూడా అక్కర్లేదని చెవిలో అన్నాను. నా భుజం ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

నాలుగో రోజు మంచు విడుతూనే పడవలు కనిపించాయి. మూడు. ఒకదాని వెనక ఒకటి. మేం రేవు వెనక గట్టు మీద రాళ్ల చాటున పడుకుని ఉన్నాం, మూడు వందల వడిసెలలు. కింద బండ మీద క్రిస్పీన్ ఒక్కడే నిలబడి ఉన్నాడు, తెల్ల చొక్కా తొడుక్కుని. వాడికి రెండడుగుల వెనక ఫౌస్తీనో, చేతిలో తుపాకీ. నేను వాళ్లకు దగ్గరగా ఉండేలా చోటు చూసుకున్నాను. తూటా పేలితే మొదటి రాయి ఎవరికో అప్పటికి నేను నిశ్చయించుకోలేదు.

మొదటి పడవ ముంగట లియాండ్రో నిలబడి ఉన్నాడు. రెండేళ్లలో బాగా చిక్కిపోయాడు, అయినా ఆ నిలబడే తీరు గుర్తుపట్టాను. చేతిలో లోతు చూసే గడకర్ర. పచ్చటి గీతకు నూరు బారల దూరంలో చెయ్యెత్తాడు. తెడ్లు ఆగాయి. పడవ మెల్లగా తేలుతూ నిలిచింది. అప్పుడే దక్షిణం నుంచి చిన్న గాలి లేచింది. నీళ్ల మీద చిన్న అలలు. తెల్లరాయి వైపు ఆకులు గాలికి కదిలాయి గానీ గుంజలు కదల్లేదు. జమ్ముదుబ్బుల వైపు మాత్రం ఆకుల తలలన్నీ మొదళ్లతో సహా ఒక్కసారి లేచి, ఒక్కసారి దిగాయి. గట్టు మీంచి నాకే అంత స్పష్టంగా కనిపిస్తోంది. సరస్సులో పుట్టినవాడికి కనబడదా?

కనబడింది. అతని తల అటు తిరిగి అక్కడే ఆగిపోయింది. తర్వాత బండ మీదున్న నా తమ్ముణ్ణి చూశాడు. ఇద్దరి మధ్యా ఎంత దూరమో, అంత దూరంలోంచి ఒకరినొకరు చూసుకున్నారు. క్రిస్పీన్ చేతులు ఊపలేదు, సైగ చేయలేదు. కొంపాద్రేను అడగడం కూడా అనుమానించడమే అనుకున్నాడేమో. లియాండ్రో టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. ఆ తర్వాత నాకు అర్థం కాని పని చేశాడు. వెనక్కి తిరిగి రెండో పడవ వంక చూశాడు. చాలాసేపు చూశాడు. పడవలోని దొర విసుక్కుంటూ ఏదో అరిచాడు.

లియాండ్రో ముందుకు తిరిగి గడకర్ర ఎత్తి, ఆకుల్లేని సందు వైపు చూపించాడు.

"దారి అదే," అన్నాడు. మాకు వినబడేంత గట్టిగా. "ఆగొద్దు, గట్టిగా లాగండి."

నా పక్కన పడుకున్న ఆవిడ శిలువ గుర్తు వేసుకుంది. నాకు అదీ చేతకాలేదు. ఫౌస్తీనో తుపాకీ మొన కిందికి వాలిపోయింది. ఇలాంటి మనిషిని కన్న నేల మీద నేనూ పుట్టాననుకుంటే నాకు గర్వం కంటే ముందు భయం వేసింది.

ఇరవై తెడ్లు ఒక్కసారి నీళ్లలో పడ్డాయి. పడవ ఊపందుకుని సందులోకి దూసుకొచ్చింది. చెక్క చీలిన చప్పుడు దీవి అవతలి రాళ్లకు తగిలి తిరిగొచ్చింది. ముంగట భాగం పైకి లేచింది, ఫిరంగి తాళ్లు తెంచుకుని వెనక్కి దొర్లింది, సిపాయిలు తుపాకులతో సహా నీళ్లలో పడ్డారు. ఊపు మీదున్న రెండో పడవ ఆగలేక వచ్చి దాని పక్కన మొనల మీద ఎక్కి ఒరిగిపోయింది. మూడోది తెడ్లు అడ్డం వేసి వెనక్కి మళ్లుకుంది. మా గట్టు మీద ఒక్కసారిగా లేచిన కేక నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. ఐదు నెలల కిందట నా తమ్ముడు చేసిన తప్పే మమ్మల్ని కాపాడింది, వాడు బతికాడు, అంతే నాకు తెలిసింది.

నికానోర్ చెయ్యి పైకెత్తాడు, అది దిగగానే రాళ్లు వదలాలి. అందరం లేచి నిలబడ్డాం. మొదటి పడవ ఎలాగూ మునుగుతోంది, రెండో పడవలో సిపాయిలు ఇంకా నిలదొక్కుకుని తుపాకులు ఎక్కుపెడుతున్నారు, కాబట్టి అందరి గురీ దాని మీదే. వడిసెలలు తిరగడం మొదలెట్టాయి. మూడు వందల తాళ్లు గాలిని కోస్తుంటే వచ్చే ఆ హోరు విననివాళ్లకు చెప్పి లాభం లేదు.

కింద నా తమ్ముడు నీళ్లలోకి దూకాడు. విరిగిన పడవ ముందు, ఒక గుంజను కావలించుకుని, నెత్తురు కారుతున్న ముఖంతో లియాండ్రో పైకి తేలాడు. ఏదో అరుస్తున్నాడు. వడిసెలల హోరులో వినబడటం లేదు. క్రిస్పీన్ గబగబా ఈది అతన్ని చేరుకున్నాడు. విన్నాడు. విని, మా వైపు తిరిగి రెండు చేతులూ పైకెత్తాడు. వాడి ముఖం అలా మారడం నేను మరదలు పోయిన రోజున కూడా చూడలేదు.

నికానోర్ చెయ్యి అప్పటికే దిగింది.

"రెండో పడవలో సబీనా ఉంది," అని అరుస్తున్నాడు నా తమ్ముడు. "కట్టేసి తెచ్చారు. కొట్టొద్దు అక్కా, కొట్టొద్దు."

ఆ మాట నా చెవిన పడేసరికి నా వడిసెలలో రాయి లేదు.